అచ్చులో పడని ఆశ్వయుజం

ఖమ్మం జిల్లాలో బతుకమ్మ పండగ వచ్చేనాటికి పెసలు ఇల్లు చేరి నెల దాటి ఉంటుంది. మొక్కజొన్న కంకులు వొలిచి వాకిట్లో ఆరబోసి ఉంటారు. నువ్వులు చెరిగి డబ్బాలకెత్తి ఉంటారు. పల్లికాయ అప్పుడప్పుడే పీకుతుంటారు. వరి ఒక్కటే ఇంకా పొలంలో పాలు పోసుకుంటూ నిలబడి ఉంటుంది. చెరకు మనిషెత్తు దాటినా నరకడానికి ఇంకా రోజులు పడుతుంది. అన్నమూ బెల్లమూ రెండూ ఆ రోజుల్లో మనకి పాతవే. కొత్తగా చేతికొచ్చినవి పప్పులూ గింజలూ మాత్రమే. సద్దుల బతుకమ్మ నాడు తాంబాళంలో వరసగా చేరే సత్తుల్ని ఒకసారి చూడండి: పెసర సత్తు, నువ్వుల సత్తు, పల్లీల సత్తు, మక్క సత్తు. ఆ పక్షంలో మా చేలల్లో ఏమేం పండాయో చెప్పడానికి అంతకన్నా నమ్మకమైన లెక్క నాకు కనపడదు.

సత్తు చేయడం పైకి సులువైన పనే. మందపాటి మూకుట్లో పెసలు పోసి సన్నసెగ మీద వేయించాలి. గింజలో ఆకుపచ్చ తగ్గి గోధుమ వన్నెకి తిరిగే సమయంలో వంటింటి వాసన మారుతుంది. అప్పటిదాకా పచ్చి వాసన, ఆ తర్వాత కమ్మదనం. ఆ మార్పుని ముక్కుతోనే పట్టుకోవాలి. చల్లారాక ఇసుర్రాయిలో విసిరి, జల్లెడ పట్టి, దంచిన చక్కెర, యాలకుల పొడి, కాస్త నెయ్యి కలుపుతారు. నువ్వుల సంగతి వేరు. చిటపటలాడగానే దించేయాలి. రోట్లో దంచేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియాలి. నాలుగు పోట్లు ఎక్కువైతే నూనె దిగి పొడి కాస్తా ముద్దయిపోతుంది. మా అమ్మ ఈ పండక్కి బెల్లం వాడదు. వానాకాలమంతా తడిగాలికి చెమర్చిన పాత బెల్లం కలిపితే సత్తు నిలవ ఉండదంటుంది. అదే సంక్రాంతికి కొత్త బెల్లం దిగాక చక్కెర డబ్బా మూత కూడా తీయదు. ఏ తీపి ఏ నెలదో అమ్మకి క్యాలెండర్ చెప్పనక్కర్లేదు. బెల్లం దిమ్మ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది.

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్న కూతురు కిందటేడు పండక్కి వస్తూ అరచేతిలో పట్టేంత చెక్క పెట్టె ఒకటి తెచ్చింది. మూత తీస్తే లోపల పలచటి కాగితం మీద ఎర్రటి మేపుల్ ఆకులు, పసుప్పచ్చని గింకో ఆకులు, దేవదారు సూదులు, ఒక పుట్టగొడుగు, రెండు అడవి కాయలు. ఒక్కోటీ బొటనవేలి గోరంత. అన్నీ మిఠాయిలే. ఆకురాలే కాలంలో గాలి ఒక మూలకి తోసుకొచ్చి పోగేసిన ఆకులూ కాయలూ ఎలా ఉంటాయో అలా సర్దుతారట. ఆ అమరికకి ఫుకియోసె అని పేరు.

“అత్తా, నోట్లో వేసుకోబోయే ముందు కాసేపు చూడాలి. అక్కడ పద్ధతి అది” అంది పిల్ల.

చూశాం. మేపుల్ ఆకు ఈనెలు గోరు పెట్టి తడిమితే తగులుతున్నాయి. అంచుల దగ్గర ఎరుపు చిక్కగా, మధ్యకి వచ్చేసరికి పలచనై పసుపులోకి జారిపోయింది. చెట్టు మీద ఆకు పండే వరసే అది. ఆ ఆకు రేపో మాపో రాలుతుందని చక్కెర మీద ఆ రెండు రంగుల మధ్య జాగాలో రాసిపెట్టారు. ఇంత చిన్న వస్తువులో కాలం గడవడాన్ని చూపించిన చేతికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

అమ్మ మాత్రం ఒక కాయని తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. కాసేపటికి, “ఇందులో వేయించిన పిండి ఉందే పిల్లా. సత్తేగా ఇది” అంది.

అమ్మ నాలుక తప్పు చెప్పలేదు. జపాన్‌లో ఇలాంటి పొడి మిఠాయిలన్నిటినీ హిగాషి అంటారు. వాటిలో తేమ నూటికి పది పాళ్లకు మించి ఉండదు. అందులో రకుగాన్ అనేది ఒక రకం. వేయించిన బియ్యప్పిండో బార్లీ పిండో సోయా పిండో చక్కెరతో కలిపి, పొడి చేతికి అంటీ అంటనంత తడి చేసి, చెక్క అచ్చులో నొక్కి, తట్టి తీసి ఆరబెడతారు. వేయించడం, విసరడం, చక్కెర కలపడం మనకీ వాళ్లకీ ఒకటే. ఆ తర్వాత వాళ్ల చేయి అచ్చు వైపు వెళుతుంది, మన చేయి గుప్పిట మూసి ముద్ద కడుతుంది.

ఆ ఆకులకి వాడిన చక్కెర గురించీ కొంత చెప్పాలి. దాని పేరు వసన్‌బోన్. షికోకు ద్వీపంలోని తోకుషిమా, కగావా ప్రాంతాల్లో పండే సన్న చెరకు నుంచి తీస్తారు. 1716 నుంచి 1745 దాకా షోగన్‌గా ఉన్న తోకుగావా యోషిమునే విదేశీ చక్కెర మీద ఆధారపడటం తగ్గించాలని దేశంలో చెరకు సాగుని ప్రోత్సహించాడు. వసన్‌బోన్ ఆ శతాబ్దపు పంటే. రసాన్ని కాచి గట్టిపడ్డాక గుడ్డలో కట్టి బరువుల కింద పెడతారు. నల్లటి పాకం కారిపోతుంది. మిగిలినదాన్ని పళ్లెంలో పోసి చేత్తో నీళ్లద్దుతూ పిసుకుతారు, మళ్లీ గుడ్డలో కట్టి బరువు పెడతారు. ఇలా పలు దఫాలు చేశాక లేత దంతపు వన్నెలో, నోట్లో పెట్టగానే కరిగిపోయే మెత్తటి చక్కెర మిగులుతుంది. అచ్చుల్ని కొండ చెర్రీ చెక్కతో చేస్తారు. బొమ్మని లోపలికి, కుడిఎడమలు తిప్పి చెక్కాలి. కనజావా నగరంలో 1625లో మొదలైన మోరిహాచి అనే మిఠాయి దుకాణం చోసేదెన్ అనే రకుగాన్‌ని ఇప్పటికీ చేస్తోంది. పాత అచ్చుల్ని వెయ్యికి పైగా భద్రపరిచి ప్రదర్శిస్తోంది కూడా. మిఠాయి తిని వదిలేసినా అచ్చుని మాత్రం నాలుగు వందల ఏళ్లు దాచుకోవాలనుకున్న మనుషులు వాళ్లు.

ఇక్కడ నేలకొండపల్లి పేరు ఎత్తకుండా ఉండలేను. చక్కెర విద్య జపాన్ చేరిన దారి మన దేశం నుంచే మొదలైంది. 647లో తాంగ్ చక్రవర్తి తాయ్‌జోంగ్ చెరకు రసం నుంచి చక్కెర తీసే పద్ధతి నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్ని పంపినట్టు చైనా చరిత్ర గ్రంథాల్లో ఉంది. 756లో నారా నగరంలోని తోదాయ్‌జీ ఆలయానికి సమర్పించిన మందుల పట్టికలో చక్కెర పేరు కనిపిస్తుంది. అప్పట్లో అది మిఠాయి సరుకు కాదు, ఔషధం. అలా చూడటమూ బౌద్ధం నుంచి వెళ్లిందే. భిక్షువులు జబ్బుపడితే తీసుకోవచ్చని బుద్ధుడు అనుమతించిన అయిదు ఔషధాల్లో నెయ్యి, వెన్న, నూనె, తేనెతో పాటు చెరకు పానకం ఉంది. మా నేలకొండపల్లిలో క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి మహాస్తూపం ఉంది. అదే ఊరు కంచర్ల గోపన్నకి జన్మస్థలం. అదే మండలం రాజేశ్వరపురంలో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. చుట్టూ చెరకు తోటలు, చలికాలం వస్తే బెల్లం పొయ్యిల పొగ. ఆ దారిన బస్సులో వెళ్లినప్పుడల్లా స్తూపం దగ్గర మంచాన పడ్డ ఏ భిక్షువుకో ఎవరో ఒక గిన్నెలో చెరకు పానకం అందిస్తున్నట్టు ఊహ వస్తుంది. మా పిల్ల పెట్టెలోని ఆకుకి తాతముత్తాతలు ఇలాంటి చోట్లే ఉండి ఉంటారని నాకు గట్టి నమ్మకం.

ఇంకో చుట్టరికం ఉంది. అది ఇంకా దగ్గరిది. జపాన్ పాత పంచాంగంలో తొమ్మిదో నెల తొమ్మిదో రోజు చామంతుల పండగ. చోయో అంటారు. వాళ్ల నెల కూడా అమావాస్యతో మొదలయ్యేదే. మన ఆశ్వయుజ శుద్ధ నవమి లెక్కా అదే కాబట్టి చాలా ఏళ్లలో రెండూ ఒకే రోజు పడతాయి. 2023లో అక్టోబరు 23న మన మహర్నవమి, పాత లెక్కన వాళ్ల చామంతుల రోజు కలిశాయి. దానికి ముందు రోజే మన సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు తర్వాత బతుకమ్మలో మనం పేర్చేది చామంతులే కదా. సముద్రాల అవతల వాళ్లూ, గోదావరి పక్కన మేమూ, ఒకే చంద్రుడి లెక్కతో ఒకే పువ్వుని పండగ చేసుకున్నామన్నమాట.

1873లో జపాన్ గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారింది. తొమ్మిదో నెల తొమ్మిదో రోజు సెప్టెంబరు 9 అయింది. ఆ రోజుల్లో అక్కడ చామంతి ఇంకా సరిగ్గా పూయదు. పండగా పువ్వూ విడిపోయాయి. అయినా సెప్టెంబరు మొదట్లో మిఠాయి దుకాణాల్లో చామంతి మిఠాయిలు కనిపిస్తాయి. తోటలో పువ్వు లేకపోయినా అచ్చులో ఉంది. ఏడాదిని 24 భాగాలు చేసి, ఒక్కోదాన్ని మళ్లీ మూడుగా విడదీసి, మొత్తం 72 చిన్న రుతువులుగా చూసుకున్న వాళ్లు ఆ రుతువుల్ని చక్కెరలో చెక్కి దాచుకున్నారు. పంచాంగం మారినా, పొలం ఊరికి దూరమైపోయినా, మనిషి పదో అంతస్తులో బతుకుతున్నా, పెట్టె మూత తీస్తే శరత్తు వచ్చేస్తుంది.

మన దగ్గర? ఇది ఆలోచిస్తూ నేను చాలా రాత్రులు మెలకువగా ఉన్నాను.

మనకి అచ్చులు లేవా అంటే ఉన్నాయి. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో సారె పెట్టెల్లో పంచదార చిలకలు ఉంటాయి. తెలంగాణలో హోలీ నాడు పిల్లల మెళ్లో కుడకలతో కలిపి చక్కెర పేర్లు వేస్తారు. రెండూ చెక్క అచ్చుల్లో పోసినవే. అచ్చుని ముందు నీళ్లలో నానబెడతారు, లేకపోతే పాకం అంటుకుపోతుంది. పాకాన్ని గరిటెతో అంచుకేసి రుద్ది రుద్ది తెల్లబారనిచ్చి, అప్పుడు పోసి, గట్టిపడగానే రెండు చెక్కలూ విప్పుతారు. పేర్లకైతే మధ్యలో దారం ముందే వేసి ఉంచుతారు. చిలక రెక్క విరక్కుండా బయటికి రావడం చూస్తే కనజావా పనివాడైనా మెచ్చుకుంటాడు. ఎటొచ్చీ మన చిలకకి నెల లేదు. పెళ్లి మాఘంలో జరిగినా శ్రావణంలో జరిగినా అదే చిలక. తంగేడు పువ్వు అచ్చు నేనెక్కడా చూడలేదు. గునుగు అచ్చు చూడలేదు. వరి కంకి అచ్చు చూడలేదు. బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాల్లో ప్రకృతిలోని ఒక వస్తువు రూపం తీసుకున్నది నాకు గుర్తున్నంతలో ఒక్కటే. ఏడో రోజు వేపకాయల బతుకమ్మకి బియ్యప్పిండిని వేపపండ్లంత ఉండలు చేసి నూనెలో వేయిస్తాం. అప్పటికి వేపచెట్టు కింద పండ్లు ఉండవు, ఎప్పుడో తొలకరి రోజుల్లోనే రాలి మొలకెత్తి ఉంటాయి. అయిపోయిన పండుని పిండితో తలుచుకోవడం ఆ ఒక్క రోజే చేస్తాం. మిగిలిన రోజుల్లో అటుకులు అటుకుల్లాగే, వెన్న వెన్నలాగే, నానబియ్యం నానబియ్యంలాగే తాంబాళంలో ఉంటాయి.

రుతువుని చూపించే పని మనం పూలకి అప్పగించాం. దాన్ని తినిపించే పని సత్తుకి అప్పగించాం. రెండూ ఒకే తాంబాళం పక్కన కూర్చుంటాయి కాబట్టి మిఠాయికి రూపం అవసరం రాలేదు. అంతెత్తున బతుకమ్మ నిలబడి ఉంటే గోరంత చక్కెర ఆకులో శరత్తుని వెతుక్కునే అగత్యం ఎవరికి?

ఇదంతా గోదావరికి ఇటువైపు మాట. ఖమ్మం, భద్రాచలం అని ఒకే ఊపిరిలో అంటాం గానీ నది రెండు ఒడ్లకీ తీపి లెక్కలు వేరు. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకి వదులుకున్నాడు. మొదట అది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది, 1874లో మద్రాసు వైపు గోదావరి జిల్లాలో చేరింది. దాదాపు నూరేళ్లు నది అవతలి ఒడ్డు ఒక రాజ్యం, ఇవతలి ఒడ్డు ఇంకో రాజ్యం. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలో కలిశాయి. 1965లో వంతెన వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. రామాలయం ఉన్న పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఇన్ని గీతలు గీసినా, చెరిపినా, వంటింట్లో మాత్రం పాత గీత ఇంకా కనిపిస్తుంది. అవతలి ఒడ్డు ఇళ్లలో ఆశ్వయుజ బహుళ తదియకి అట్లతద్ది. కార్తీక శుద్ధ చవితికి నాగుల చవితి, ఆ రోజు పుట్ట దగ్గరికి చలిమిడీ చిమ్మిలీ. మా వైపు నాగుల పండగ శ్రావణ పంచమికే అయిపోతుంది.

చిమ్మిలి అంటే నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన ముద్ద. నది ఇటువైపు దుర్గాష్టమికి నువ్వుల సత్తు, అటువైపు దాదాపు నాలుగు వారాలకి చిమ్మిలి. అదే నువ్వు, అదే రోలు. ఇక్కడ పొడిగా ఉండగానే చెయ్యి ఆపుతారు, అక్కడ నూనె దిగేదాకా దంచుతారు. మా వీధిలో భద్రాచలం నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక వదిన ఉంది. ఆమె చిమ్మిలి పంపితే మేము నువ్వుల సత్తు పంపుతాం. “మీవాళ్లు సగంలో వదిలేస్తారు వదినా” అంటుంది ఆమె. “మీవాళ్లకి ఆపడం తెలీదు” అంటాను నేను. నువ్వుల మీద ఇంత ముచ్చట పెట్టుకోవడానికి ఒక నది అడ్డం పడాల్సి వచ్చింది.

ఇక కొండల్లోకి వెళితే రోలూ లేదు, పాకమూ లేదు. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు కోయ గూడేల్లో కొత్త పంట ఏదైనా ముందు వేల్పుకి పెట్టందే నోట పెట్టరు. మామిడికి ఒక కొత్త, చిక్కుడికి ఒక కొత్త, బియ్యానికి ఒక కొత్త. చెట్టున కాయ వేలాడుతున్నా, పిల్లలు అడుగుతున్నా, పండగ అయ్యేదాకా అది ఇంకా తిండి కాదు. పాపికొండల కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వచ్చింది. ఈ కొత్తల పండుగల్ని ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు. నాగరికులు రుతువుని గౌరవించడమంటే ఏమిటో గ్రంథాలు రాసుకున్నారు. వీళ్లు ఆకలి వేస్తున్నప్పుడు కూడా ఆగి చూపించారు. నా దృష్టిలో రుతువు మీద భక్తికి అంతకుమించిన పరీక్ష లేదు.

అడవికి తన చక్కెర ఉంది. ఫాల్గుణం, చైత్రం తెల్లవారుజాముల్లో ఇప్పపూలు రాలతాయి. చెట్టు కింద ముందే ఊడ్చి శుభ్రం చేసుకున్న నేల మీద, మైనపు రంగులో, రసం నిండిన బుడగల్లాంటి పూలు. ఆడవాళ్లూ పిల్లలూ బుట్టలతో వెళ్లి ఎండ ఎక్కకముందే ఏరుకొస్తారు. ఎండబెడితే ముడుచుకుని ఎండుద్రాక్షలా గోధుమ రంగుకి తిరుగుతాయి. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. వానలు ముసురుకుని ఇంట్లో గింజలు అడుగంటే రోజుల్లో ఆ పూలే ఉడకబెట్టుకుని తినేవాళ్లు. వసంతంలో రాలిన తీపి శరత్తు దాకా కడుపు నింపేది. షికోకులో చక్కెరని పలుమార్లు పిసికి పువ్వుగా చేస్తే, మా అడవిలో పువ్వే చక్కెరై రాలుతోంది. ఇప్పసారా గురించి అందరికీ తెలుసు, ఇప్ప తీపి గురించి పట్నాల్లో ఎవరికీ తెలియదు. ఆదిలాబాద్ వైపు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారని తెలిసి ఎంత సంతోషించానో. ఆ పువ్వుకి ఆ గౌరవం ఎన్నడో దక్కాల్సింది.

ఇంతవరకూ చెప్పినదంతా నాకు ధైర్యాన్నిచ్చేదే. భయపెట్టేది ఇప్పుడు చెబుతాను.

మన తీపి పొలాన్ని నమ్ముకుంది. రూపాన్ని నమ్ముకోలేదు. మరి పొలం మారిపోతే? ఖమ్మం మార్కెట్ తేజ మిర్చికి పెట్టింది పేరు. ఎర్రటి బస్తాలు కొండల్లా పడి ఉంటాయి. మెట్ట చేలన్నీ పత్తి. అశ్వారావుపేట, దమ్మపేట వైపు వెళితే కిలోమీటర్ల కొద్దీ పామాయిల్ తోటలు. రైతుని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నువ్వులు వేసి ఎవరు పిల్లల్ని చదివించగలరు? పెసలు వాన తగిలితే చేలోనే బూజు పడతాయి. మా పుట్టింటి చేలో కంది సాళ్ల మధ్య పెసలు, గట్టు వెంట నువ్వులు ఉండేవి. ఇప్పుడు అక్కడ గట్టు కూడా లేదు. కొట్లో కొన్న నువ్వులు ఏ రాష్ట్రంలో ఏ నెలలో పండాయో ఎవరికీ తెలియదు. చేలల్లో కలుపుమందు కొడుతుంటే గునుగు మొలవడం మానేసింది. బతుకమ్మ వారంలో అడవి అంచు గూడేల నుంచి వచ్చిన ఆడవాళ్లు బజార్లో గునుగు కట్టలు అమ్ముతుంటే కొనుక్కుంటున్నాం. సత్తు పాకెట్లు ఏడాది పొడవునా దొరుకుతున్నాయి. రుచి బాగానే ఉంది. అందులో నెల మాత్రం లేదు.

జపాన్ మిఠాయికి ఈ గండం తట్టుకునే ఏర్పాటు ఉంది. దాని పిండి ఎక్కడిదైనా, చక్కెర ఎక్కడిదైనా, మేపుల్ ఆకు అచ్చు మాత్రం శరత్తులోనే బయటికి వస్తుంది. మనకి ఆ ఏర్పాటు లేదు. పొలంలో నువ్వు పోతే సత్తులో ఆశ్వయుజం పోయినట్టే. అచ్చులో పడని రుతువు మట్టిలోనే బతకాలి, మట్టి మారితే దానికి తలదాచుకునే చోటు లేదు. ఇన్నాళ్లూ మన తీపి నేరుగా చేను నుంచి రావడమే గొప్పతనం అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను. అంత నేరుగా వచ్చే దానికి కాపలా కూడా అంతే గట్టిగా ఉండాలని ఇప్పుడు అనిపిస్తోంది.

అందుకే ఈ ఏడు అచ్చు చెక్కించాను. గోదావరి ఒడ్డున సారపాకలో ఒక వడ్రంగి ఉన్నాడు. తంగేడు పువ్వు కొమ్మ చేతికిచ్చి సంగతి చెబితే తిప్పి తిప్పి చూశాడు.

“మా నాయన పెళ్లి చిలకల అచ్చులు చెక్కేటోడమ్మా. పువ్వు అడిగినోళ్లు ఎవరూ లేరు” అన్నాడు.

అయిదు రేకులూ చెక్కగలనన్నాడు. మధ్యలో వంకీ తిరిగిన కేసరాలు మాత్రం వద్దన్నాడు. అంత సన్నని చోట పిండి నిలవదు, అచ్చులోనే ఉండిపోతుంది అని ఆయన అనుభవం. మిగిలిపోయిన టేకు ముక్క మీద రేకుల్ని వెడల్పుగా, లోతు తక్కువగా చెక్కి, ప్రతి రేకు మధ్యా ఉలి అంచుతో రెండు ఈనెలు గీశాడు. లోపల చెయ్యి పెట్టి తడిమి, నునుపు చాలక మళ్లీ గీకాడు.

నువ్వుల సత్తు అందులో నిలవలేదు. నొక్కగానే నూనె దిగి రేకుల అంచులు జారిపోయాయి. పొట్టు తీసిన పెసరపప్పు వేయించి విసిరిన పిండి అద్భుతంగా నిలిచింది. అచ్చులో ముందు చిటికెడు బియ్యప్పిండి చల్లి, సత్తులో నాలుగు చుక్కల పాలు మాత్రమే కలిపి, బొటనవేలితో మూలమూలలా నొక్కి, బోర్లించి వెనక సుత్తితో చిన్నగా కొడితే పువ్వు ఊడి పళ్లెంలో పడింది. ఈనెలు రెండూ కనిపించాయి. రంగు వేయలేదు. పొట్టు తీసిన పెసరపప్పు వేగితే వచ్చే పసుపు తంగేడు పసుపుకి చాలా దగ్గర. అమ్మ చూసి మెచ్చుకుంది గానీ పక్కనే ముద్దలు కూడా కట్టింది. పువ్వుని పిల్లలకి, ముద్దని గౌరమ్మకి అంది. నాకూ అదే సబబనిపించింది. పొలం నుంచి వచ్చిన ముద్ద ముందు, దాని బొమ్మ తర్వాత.

తర్వాతిది గునుగు. తెల్లటి వెన్ను, కొసన గులాబీ రంగు. దానికి బియ్యం సత్తు పెట్టాలంటుంది అమ్మ. తెల్ల నువ్వులకి పప్పుపిండి కలిపి నిలబెట్టి చూద్దామంటాను నేను, ఆ వారం చేతికొచ్చిన గింజ కాకపోతే ఇంత కష్టం దేనికని. ఇంకా తెగలేదు. వడ్రంగి అయితే గునుగుకి టేకు పనికిరాదని తేల్చేశాడు. వెన్ను మీద పొలుసులు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి కదా, టేకు నార అడ్డం వచ్చి చిట్లుతుందట. నార సన్నంగా ఉండే అంకుడు కర్ర కావాలట. సంతకొచ్చే గూడెం వాళ్లకి చెప్పి ఎండు కొమ్మ ఒకటి తెప్పించి, ఉగాదికల్లా నీడన వేసి ఉంచమన్నాడు.